కొలంబస్‌లో చైన్లు తప్ప ఇంకేం లేవా? ఉన్నాయి, మీ ఇంటి దగ్గర మాత్రం కాదు

ప్రశ్న: ఆరు నెలల కిందట న్యూజెర్సీ నుంచి ఒహాయోలోని కొలంబస్‌కి మారాం. డబ్లిన్‌లో ఇల్లు తీసుకున్నాం. ఎటు వెళ్లినా అవే చైన్ రెస్టారెంట్లు, అదే మెనూ. గూగుల్‌లో 4.6 ఉందని రెండు చోట్లకి వెళ్తే రెండూ నిరాశే. చివరికి ప్రతి శనివారం అదే ఇండియన్ బఫేకి పోతున్నాం. నేను శాకాహారిని, గుడ్డు తింటాను. మా ఆయన బీఫ్ తప్ప అన్నీ తింటారు. జులైలో అమ్మా నాన్నా వస్తున్నారు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఈ ఊళ్లో మనుషులు సొంతంగా నడుపుకునే మంచి రెస్టారెంట్లు ఉన్నాయా? ఉంటే ఎలా పట్టుకోవాలి?
– కొత్త కాపురం, డబ్లిన్

సమాధానం:

ఉన్నాయమ్మా, బోలెడన్ని ఉన్నాయి. కానీ మీరు వెతుకుతున్న చోట లేవు, ఉండే అవకాశం కూడా తక్కువే, ఎందుకో ముందు అది చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క విషయం అర్థమైతే రేపు మీరు ఇండియానాపొలిస్‌కో కాన్సస్ సిటీకో మారినా ఇదే పద్ధతి పనికొస్తుంది.

డబ్లిన్, పొలారిస్ లాంటి చోట్ల ప్లాజాలన్నీ కొత్తవి. కొత్త ప్లాజా కట్టినవాడికి బ్యాంకు అప్పు ఉంటుంది, కాబట్టి పదేళ్లు లీజు రాసి, కంపెనీ పేరు మీద గ్యారంటీ ఇచ్చే అద్దెదారే కావాలి. అలా ఇవ్వగలిగేది చైన్లే. ఇద్దరు అన్నదమ్ములు అప్పోసప్పో చేసి హోటల్ పెడదామనుకుంటే ఖాళీ గోడల మధ్య పొయ్యిల మీద హుడ్డూ, నూనె జిడ్డు పట్టే ట్యాంకూ, గ్యాస్ లైనూ అన్నీ మొదటి నుంచి వేయించుకోవాలి, అదంతా మామూలు ఖర్చు కాదు. అందుకని వాళ్లు ఏం చేస్తారంటే, ఎప్పుడో మూతపడిన రెస్టారెంటు ఏదైనా ఉన్న పాత ప్లాజా వెతుక్కుని, హుడ్డు ఉన్న వంటగదే అద్దెకి తీసుకుంటారు. అమెరికాలో మధ్యరకం ఊళ్లన్నిట్లోనూ ఒకప్పటి పిజ్జా హట్ కట్టడాలు మీకు కనిపిస్తాయి, కప్పు మధ్యలో మూపురం లేచినట్టుండేవి, కిటికీల పక్క అంచులు ఏటవాలుగా ఉండేవి. అలాంటి దాని మీద ఇప్పుడు వేరే బోర్డు వేలాడుతుంటే కారు కాస్త స్లో చేసి చూడండి. లోపల టాకోలు ఉండొచ్చు, చైనీస్ ఉండొచ్చు, ఏదైనా సొంత మనుషుల వ్యాపారం అయ్యే అవకాశం ఎక్కువ.

పైగా కొలంబస్ అసలు చైన్ల పుట్టిల్లు. వెండీస్ మొదటి దుకాణం 1969లో ఇక్కడే డౌన్‌టౌన్ బ్రాడ్ స్ట్రీట్‌లో తెరిచారు, దాని ప్రధాన కార్యాలయం ఇప్పుడు మీ డబ్లిన్‌లోనే ఉంది. వైట్ కాసిల్ వాళ్లు 1934లో విచిటా నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. దేశమంతా కొత్త ఐటమ్ వదిలే ముందు ఇక్కడి జనం మీద పెట్టి చూడటం కంపెనీలకి పాత అలవాటు. అందుకే మీకు ఎటు చూసినా చైన్లే అనిపించడంలో తప్పేం లేదు. కాకపోతే 2020 జనాభా లెక్కల్లో తొమ్మిది లక్షలు దాటిన ఊరు ఇది, ఇంతమందీ బర్గర్లే తిని బతకడం లేదు కదా.

సరే, ఎక్కడ వెతకాలి? రెస్టారెంట్లు వెతక్కండి. ఊళ్లో ఎవరెవరు ఎక్కడ ఉంటున్నారో చూడండి. తిండి వాళ్ల వెనకే ఉంటుంది.

మీకు దగ్గర్లోదే చెబుతాను. హోండా వాళ్లు మేరీస్‌విల్‌లో 1979లో మోటార్‌సైకిళ్లు, 1982లో కార్లు తయారు చెయ్యడం మొదలుపెట్టారు. దాంతో జపాన్ నుంచి ఇంజనీర్ల కుటుంబాలు వచ్చి డబ్లిన్ చుట్టుపక్కల ఉండసాగాయి. వాళ్ల వల్లే ఓల్డ్ హెండర్సన్ రోడ్డులో ఒక పాత ప్లాజాలో టెన్‌సుకే మార్కెట్ అనే జపాన్ కిరాణా కొట్టు, దాని చుట్టూ జపాన్ తిండి చోట్లు వెలిశాయి. ఇంటినుంచి ఇరవై నిమిషాలు కూడా పట్టదు. ఆరు నెలల్లో అటు వెళ్లి ఉండరు, అవునా?

అలాగే సోమాలీలు. అమెరికాలో మినియాపొలిస్ తర్వాత వాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు ఇదేనంటారు. 1990ల నుంచి వస్తూ ఉత్తర, ఈశాన్య వైపున మోర్స్ రోడ్డు, క్లీవ్‌లాండ్ అవెన్యూ చుట్టూ స్థిరపడ్డారు. భూటాన్ నుంచి వెళ్లగొట్టబడి నేపాల్ క్యాంపుల్లో ఏళ్ల తరబడి ఉండి 2008 నుంచి అమెరికా వచ్చిన నేపాలీ భాష మాట్లాడే కుటుంబాలు కూడా ఎక్కువగా ఆ ఉత్తరపు వైపే ఉన్నాయి. మెక్సికో, మధ్య అమెరికా వాళ్ల టాకో బండ్లు పడమటి వైపు వెస్ట్ బ్రాడ్, సలివాంట్ అవెన్యూల్లోనూ మళ్లీ ఇటు మోర్స్ రోడ్డు వైపునా కనిపిస్తాయి. ఇథియోపియా వాళ్ల చోట్లు తూర్పున వైట్‌హాల్ వైపు దొరుకుతాయి. ఇప్పుడు మ్యాప్ తీసి ఈ రోడ్ల మీద వేలు పెట్టి, జూమ్ చేసి, అక్కడ మాత్రమే వెతకండి. "బెస్ట్ రెస్టారెంట్స్ ఇన్ కొలంబస్" అని కొడితే ఎవరికైనా ఆ పదే వస్తాయి. అలా కాకుండా వంటకం పేరు కొట్టండి, మోమో అనో, ఇంజెరా అనో, బిరియా అనో, ఫో అనో. కిరాణా కొట్లు వెతకడం ఇంకా మంచి చిట్కా. ఒక దేశం వాళ్ల కిరాణా కొట్టు నిలదొక్కుకుందంటే ఆ చుట్టూ వాళ్లు తినే చోటు ఒకటి కచ్చితంగా ఉంటుంది, చాలాసార్లు ఆ కొట్టు లోపలే ఉంటుంది. మోర్స్ రోడ్డులో సరగా ఇంటర్నేషనల్ గ్రోసరీ అని పెద్ద కొట్టు ఉంది. టీవీ వాళ్లు వెతుక్కుంటూ వచ్చిన మోమో ఘర్ అనే నేపాలీ మోమోల (ఆవిరి మీద ఉడికించే కుడుముల) హోటల్ మొదలైంది ఆ కొట్లో ఒక చిన్న కౌంటర్‌గానే. కూరగాయలకని వెళ్లి ఆవిరి వాసన పట్టుకుని నడిస్తే చాలు.

మీ ఆయన్ని తీసుకుని ముందుగా ఒక సోమాలీ హోటల్‌కి వెళ్లమంటాను, ఆయన కోసమే చెబుతున్నాను, మీకక్కడ పెద్దగా ఏమీ ఉండదు. శనివారం మధ్యాహ్నం వెళ్లండి. శుక్రవారం నమాజు అయ్యాక మాత్రం కాలు పెట్టే చోటుండదు. బయట బోర్డు చూస్తే ఏ ట్రావెల్ ఏజెన్సీయో అనిపించొచ్చు, పక్కనే డబ్బులు పంపించే కొట్టు ఉంటుంది, లోపల నలుగురు పెద్దమనుషులు టీ ముందు పెట్టుకుని ఏదో దేశ రాజకీయం తేలుస్తూ ఉంటారు. చాలాచోట్ల కూర్చోగానే అడక్కుండానే చిన్న గిన్నెలో వేడి వేడి మాంసం సూపు, నిమ్మ చెక్క తెచ్చి పెడతారు. మేకమాంసం, అన్నం అని చెప్పండి. పొడవు బియ్యం అన్నం వస్తుంది, దాల్చినచెక్క, యాలకులు, లవంగం, జీలకర్ర మనకి తెలిసిన వాసనలే, అక్కడక్కడ కిస్‌మిస్, పైన ఎముకతో ఉడికిన మేకమాంసం, వేలితో తాకితే ఊడొచ్చేలా. పక్కన ఒక అరటిపండు పెడతారు. అది తర్వాత తినడానికని పక్కన పెట్టేయకండి, వాళ్లు దాన్ని ముక్క ముక్కగా అన్నంలో కలుపుకుని తింటారు, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి నూరిన ఆకుపచ్చ సాస్‌తో. వింటే ఎలాగో ఉంటుంది, రెండు ముద్దలు తిన్నాక ఆయన అరటిపండు ఇంకొకటి అడుగుతారు. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది. యాలకులు, అల్లం వేసిన పాల టీ మాత్రం మీరు తాగండి. హోయోస్ కిచెన్ అని ఒక కుటుంబం నడిపేది ఈ ఊళ్లో బాగా పేరున్నది, మొదటిసారి వెళ్లేవాళ్లకి కౌంటర్ దగ్గర ఎంచుకోవడం తేలిక కాబట్టి అక్కడినుంచి మొదలుపెట్టినా పరవాలేదు.

ఇప్పుడు మనుషుల్ని అడిగే సంగతి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే గానీ మనం అడిగే తీరులోనే ఉంది తిరకాసు. ఆఫీసులో "ఇక్కడ మంచి రెస్టారెంట్ ఏది?" అని అడిగితే అవతలివాడు మీకు నచ్చేదేదో ఊహించి, తను పోయినేడాది పెళ్లిరోజుకి వెళ్లిన ఖరీదైన చోటు చెబుతాడు, లేదా మీ రంగు చూసి ఇండియన్ హోటల్ పేరు చెబుతాడు. అలా కాదు. "పోయిన వారం మామూలు రోజున బయట ఎక్కడ తిన్నారు?" అని అడగండి. "మీ అమ్మానాన్న వేరే ఊరినుంచి వస్తే ఎక్కడికి తీసుకెళ్తారు?" అని అడగండి. ఒక వంటకం పట్టుకుని అడిగితే ఇంకా మంచిది, "ఈ ఊళ్లో టాకోలు ఎవరివి బాగుంటాయి?" అంటే ప్రతివాడికీ ఒక పట్టుదల ఉంటుంది, ఇద్దరు కొలీగ్స్ మీ ముందే వాదించుకుంటారు, ఆ వాదన నుంచి మీకు రెండు మంచి పేర్లు దొరుకుతాయి. ఎయిర్‌పోర్టు నుంచి ఊబర్‌లో వస్తున్నప్పుడు డ్రైవర్‌ని మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేస్తారో అడగండి, ఈ ఊళ్లో ఆ పని చేసేవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లే, రోజంతా రోడ్డు మీదుండేవాళ్లకి ఏ సందులో ఏముందో తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అన్నిటికన్నా నమ్మకమైన ప్రశ్న ఒకటుంది. మీకు ఒక చోటు నచ్చిందనుకోండి, డబ్బులిచ్చేటప్పుడు ఆ వంటాయన్నో ఓనరమ్మనో "మీకు సెలవు రోజున మీరెక్కడ తింటారు?" అని అడగండి. తన వంట నచ్చిన మనిషికి వాళ్లు తప్పుడు దారి చూపించరు.

మన తెలుగు వాట్సాప్ గ్రూపుల సంగతి ఎత్తకుండా ఉండలేను. సామాను షిఫ్టింగ్‌కీ, పిల్లల డాక్టర్‌కీ అవి దేవుడిచ్చిన వరం. తిండి విషయంలో మాత్రం అక్కడ ఎవరు ఏమడిగినా చివరికి బిర్యానీ దగ్గరికే వచ్చి ఆగుతుంది, ఏ సెంటర్లో దమ్ బాగుంది, ఎవరు ముక్కలు తక్కువేశారు. ఆ జ్ఞానం మీకు ఎలాగూ ఉంది.

గూగుల్ రేటింగ్ అంటారా, ఆ అంకెని పక్కన పెట్టేయండి. చైన్లలో బిల్లుతో పాటు క్యూఆర్ కోడ్ ఇచ్చి సర్వర్ నవ్వుతూ తన పేరు రాయమంటాడు, అందుకే "ఫలానా సర్వర్ చాలా బాగా చూసుకున్నాడు" అని ఐదు నక్షత్రాలు వందల్లో ఉంటాయి, తిండి గురించి ఒక్క ముక్క ఉండదు. డబ్బులిచ్చి దొంగ రివ్యూలు రాయించుకోవడాన్ని నిషేధిస్తూ ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన రూల్ 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చింది, అంటే ఆ జబ్బు ఎంత ముదిరిందో చూసుకోండి. మీరు చెయ్యాల్సిందల్లా రివ్యూలని కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, తిట్టినవాళ్లవి చదవడం. "ఆలస్యంగా ఇచ్చారు", "ఇంగ్లిష్ రాదు", "కుర్చీలు పాతవి", "మెనూలో ఏముందో అర్థం కాలేదు" అని తిడితే హాయిగా వెళ్లొచ్చు. "పోయినసారి బాగుండేది, ఓనర్ మారాక చెడిపోయింది" అని ఇద్దరు ముగ్గురు రాస్తే వెళ్లకండి. "కడుపు నొప్పి వచ్చింది" అన్నది ఒకరంటే పట్టించుకోనక్కర్లేదు, నెలలో నలుగురంటే పట్టించుకోవాలి. తర్వాత కస్టమర్లు తీసిన ఫొటోలు చూడండి. ఓనర్ పెట్టినవి కాదు, వెలుతురు సరిగా లేకుండా వంకరగా తీసినవే నిజం చెబుతాయి. పది ఫొటోల్లో ఆరింట ఒకే వంటకం కనిపిస్తే మీరు తినాల్సింది అదే.

డెలివరీ యాప్‌లో చూసి "కొత్త లోకల్ పిజ్జా చోటు" అని ఆర్డర్ చేస్తే చెట్టు పేరు మార్చి కాయలమ్మినట్టు అవుతుంది. యాప్‌లో పాస్క్వాలీస్ అని కనిపించే పిజ్జా చక్ ఇ. చీజ్ అనే చైన్ వంటగదిలోది. ఇట్స్ జస్ట్ వింగ్స్ అంటే చిలీస్ అనే ఇంకో చైన్. పేరు కింద అడ్రస్ చూసి, ఆ అడ్రస్‌ని మ్యాప్‌లో కొడితే బండారం బయటపడుతుంది. సొంత రెస్టారెంట్ దొరికాక కూడా యాప్‌లో తెప్పించుకోకుండా ఫోన్ చేసి మీరే వెళ్లి తెచ్చుకోండి, డోర్‌డాష్ లాంటివి ఆ హోటల్ వాళ్ల దగ్గర 15 నుంచి 30 శాతం దాకా కమిషన్ పట్టుకుంటాయి, చిన్న హోటల్‌కి మిగిలే లాభమే అంతుండదు. మీకూ ఒక లాభముంది, ఒహాయోలో ఇంటికి కట్టించుకుని వెళ్లే తిండికి సేల్స్ టాక్స్ లేదు, కూల్‌డ్రింకుల్లాంటివి తప్ప. అక్కడే కూర్చుని తింటే ఫ్రాంక్లిన్ కౌంటీలో 2025 ఏప్రిల్ నుంచి 8 శాతం. కౌంటర్ దగ్గర "ఇక్కడా, పార్సిలా?" అని వాళ్లు అడిగేది సంచీ కోసం మాత్రమే కాదన్నమాట.

ఇక మీ శాకాహారం. ఇక్కడ కాస్త జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే సొంత హోటళ్లలో మెనూ మీద ఆకు గుర్తు పెట్టి, అలర్జీల చార్టు వెబ్‌సైట్‌లో పెట్టే అలవాటు తక్కువ, ఆ ఒక్క విషయంలో చైన్లే నయం. "ఇది వెజిటేరియనా?" అని అడిగితే చాలాచోట్ల అవునంటారు, వాళ్ల లెక్కలో ముక్క లేకపోతే వెజిటేరియనే. అందుకని వస్తువు పేరు పెట్టి అడగండి. మెక్సికన్ చోట నలిపి వేయించిన బీన్స్‌లో పంది కొవ్వు వేసే అలవాటుంది, లార్డ్ వేశారా అని అడగండి, వాళ్ల భాషలో మాంతేకా అంటే ఇంకా త్వరగా తెలుస్తుంది. ఎర్రన్నం చికెన్ స్టాక్‌లో వండి ఉండొచ్చు, తమాలేల పిండిలో కూడా కొవ్వు కలుపుతారు. వియత్నాం చోట వెజిటబుల్ ఫో అంటే చాలాసార్లు పైన కూరగాయలు, కింద బీఫ్ రసం. థాయ్ కూరల్లో చేప సాస్, కూర ముద్దలో ఎండు రొయ్యలు. జపాన్ మీసో సూపు చేపతో కాచిన నీళ్లతోనే మొదలవుతుంది. ఊరి అమెరికన్ డైనర్లలో బీన్స్ కూర కూడా నమ్మడానికి లేదు, బేకనో హామో ముక్కలు వేసి ఉడికిస్తారు. ప్లెయిన్ సిటీలో డర్ డచ్‌మన్ అని మీకు దగ్గర్లోనే ఆమిష్ (పాతకాలపు పద్ధతిలో బతికే ఒక క్రైస్తవ వర్గం) పద్ధతి వంటల చోటుంది, పైల కోసం వెళ్లదగ్గదే, కాకపోతే కూరల దగ్గర ఇదే ప్రశ్న అడిగి, ఆదివారం మూసేస్తారన్నది గుర్తుపెట్టుకుని వెళ్లండి. సోమాలీ చోట ఉత్తి అన్నమే తింటానన్నా ఆ అన్నం మాంసం నీళ్లలో ఉడికి ఉండొచ్చు. ఇన్ని చెప్పానని భయపడకండి. రద్దీ లేని వేళ, మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసి అడిగితే ఓపిగ్గా చెబుతారు, వద్దంటే మానేసి వేరేది చేసి పెడతారు. చైన్లో ఆ పని జరగదు, అక్కడ సాస్ సంచీలో వస్తుంది, అందులో ఏముందో వండేవాడికే తెలియదు.

చూసుకోవాల్సింది ఇంకొకటుంది. సొంతంగా నడిపేదల్లా మంచిదే అనుకోకండి. లోకల్ అని బోర్డు పెట్టుకుని, పెద్ద సప్లయర్ లారీలో దిగిన ఫ్రోజెన్ మొజరెల్లా స్టిక్స్ నూనెలో వేయించి పదమూడు డాలర్లు గుంజేవాళ్లు ఈ ఊళ్లో కొల్లలు. పన్నెండు పేజీల లామినేటెడ్ మెనూలో పాస్తా, ఫహీతా, బర్గర్, తందూరీ అన్నీ ఉంటే లేచి వచ్చేయొచ్చు. అలాగే మురికిగా ఉంటేనే అసలైన రుచి అనే మాట కూడా నేను నమ్మను. బల్లలు పాతవైతే ఫరవాలేదు, జిడ్డుగా ఉంటే ఫరవాలేదనకండి. కొలంబస్ నగర పరిధిలో తలుపు దగ్గర హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ల రంగు కాగితం అంటించి ఉంటుంది. ఆకుపచ్చ ఉంటే తనిఖీలో నెగ్గినట్టు, పసుపు ఉంటే వ్యవహారం చర్యల దాకా వెళ్లినట్టు, ఎరుపు ఉంటే మూసేసినట్టు. లోపలికెళ్లేటప్పుడు ఒక చూపు దాని మీద పడెయ్యండి.

ఇక ఈ ఊరికే సొంతమైన రుచులూ ఉన్నాయి, వలస వచ్చినవాళ్ల చోట్లే కాదు. కొలంబస్ పిజ్జా అని ఒకటుంది, అప్పడమంత కాకపోయినా బాగా పల్చటి అడుగు, అంచులదాకా చీజు, త్రికోణాలుగా కాకుండా చిన్న చిన్న చదరాలుగా కోస్తారు. బెక్స్‌లీలో రుబీనోస్ 1954 నుంచి చేస్తోంది. పైన ఏమీ వద్దని చెప్పినా బాగుంటుంది. జర్మన్ విలేజ్‌లో ష్మిట్స్ కుటుంబం 1886లో మాంసం వ్యాపారంతో మొదలుపెట్టింది, రెస్టారెంటు తర్వాతిది. వాళ్ల పేరున్న సాసేజ్‌లో పంది మాంసంతో పాటు బీఫ్ కూడా ఉంటుంది కాబట్టి మీ ఆయన దాన్ని వదిలేసి వేరేది తీసుకోవచ్చు, మీరు వాళ్ల క్రీమ్ పఫ్ తీసుకోండి, ఇద్దరు పట్టి తింటే గానీ అవ్వదు. వర్తింగ్టన్‌లో జోయాస్ అనే చిన్న కేఫ్ అవిషార్ బారువాది, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన దంపతుల కొడుకు, టాప్ షెఫ్ పోటీలో ఆడినవాడు, బెంగాలీ రుచుల్ని అమెరికన్ టిఫిన్‌లో కలిపేస్తాడు. డౌన్‌టౌన్‌లో నార్త్ మార్కెట్ 1876 నుంచి ఉంది. ఇద్దరికీ తిండి కుదరని మీలాంటి జంటకి ఒకే కప్పు కింద ఎవరికి కావలసింది వాళ్లు తెచ్చుకుని ఒకే బల్ల మీద కూర్చోవడానికి అంతకన్నా వీలైన చోటు లేదు. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో దుకాణాలున్న జెనీస్ ఐస్‌క్రీమ్ కూడా 2002లో అక్కడ ఒక కౌంటర్‌గానే మొదలైంది. కాబట్టి చైన్ అనేది కూడా ఒకనాడు ఎవరిదో సొంత కొట్టే, అంటరానిదేం కాదు.

పండగలు మర్చిపోకండి. సెప్టెంబరులో లేబర్ డే సెలవులకి షార్ట్ నార్త్‌లోని గ్రీక్ చర్చి వాళ్లు గ్రీక్ ఫెస్టివల్ చేస్తారు, చర్చి ఆడవాళ్లు చేసిన పాలకూర పై కోసమైనా వెళ్లాలి. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల్లో వచ్చే శుక్రవారాల్లో క్యాథలిక్ చర్చిల హాళ్లలో చేప వేపుడు భోజనాలు పెడతారు, ఎవరైనా వెళ్లొచ్చు, మీ ఆయనకి నచ్చుతుంది.

వెళ్లాక ఎలా ఉండాలో కూడా చెప్పేస్తాను, కోపం తెచ్చుకోకండి. మనవాళ్లు పన్నెండు మంది కలిసి ఎనిమిది బల్లలున్న హోటల్‌కి చెప్పకుండా వెళ్లి, అన్నీ స్పైసీగా చెయ్యమని, బిల్లు ఆరు కార్డుల మీద పంచమంటారు. అవతల వంటగదిలో ఉండేది ఒక మనిషి, ఆయన చెల్లెలు. మొదటిసారి ఇద్దరే వెళ్లండి. "ఏది బాగుంటుంది?" అంటే అన్నీ బాగుంటాయంటారు, "మీ దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది ఏది?" అనండి. వాళ్లు ఎలా వండితే అలా తినండి, కారం పక్కన అడగండి. పచ్చడి ప్యాకెట్ పర్సులోంచి తియ్యకండి బాబూ. ఒకసారికే తీర్పు చెప్పేయకుండా ఇంకోసారి వేరే రోజు వెళ్లండి, మంగళ బుధవారాలు మంచివి, సోమవారం చాలామందికి సెలవు. రాత్రి తొమ్మిదికి మూసేస్తామని రాసుంటే ఎనిమిదిన్నరకే పొయ్యి ఆపేస్తారనుకోండి. టిప్పు సంగతి: బల్ల దగ్గరికి తెచ్చి పెట్టే చోట 18 నుంచి 20 శాతం ఇవ్వాల్సిందే, 2025లో ఒహాయోలో మామూలు కనీస వేతనం గంటకి 10.70 డాలర్లయితే టిప్పుల మీద బతికే సర్వర్లకి ఇవ్వాల్సిన కనీసం 5.35 మాత్రమే. కౌంటర్ దగ్గర మీరే తెచ్చుకునేచోట మీ ఇష్టం.

జులై సంగతి మిగిలింది. మీ అమ్మగారిని ఇథియోపియన్ హోటల్‌కి తీసుకెళ్లండి, మీరు అనుకుంటున్నదానికన్నా బాగా కుదురుతుంది. వాళ్ల ఆర్థడాక్స్ క్రైస్తవులకి బుధ, శుక్రవారాలు ఉపవాస దినాలు, ఆ రోజుల్లో మాంసమే కాదు, పాలు, నెయ్యి, గుడ్డు కూడా ముట్టరు. ఆ ఆచారం కోసమే ఒక పెద్ద శాకాహార వంటల వరస తయారైంది, హోటళ్లలో వారమంతా దొరుకుతుంది. పెద్ద పళ్లెంలో ఇంజెరా పరిచి దాని మీద కుప్పలు కుప్పలుగా వడ్డిస్తారు, ఎర్రపప్పు కారంగా, ఎండు బఠాణీ పప్పు పసుపుతో చప్పగా, ఆకుకూర, క్యాబేజీ క్యారెట్ ఆలుగడ్డ కలిపిన కూర, శనగపిండితో చేసే షీరో. ఇంజెరా టెఫ్ అనే సన్నటి గింజ పిండిని పులియబెట్టి పోస్తారు, బాగా పులిసిన రవ్వట్టులా చిల్లులతో, పుల్లగా ఉంటుంది. చేత్తో తుంచుకుని తినడమే, ఫోర్కులు వెతుక్కోవాల్సిన అవసరం లేదు, నాన్నగారికి కూడా మొహమాటం ఉండదు. వైట్‌హాల్ వైపు లాలిబెలా అని పాతది ఒకటుంది, ముందు అక్కడ ఫోన్ చేసి చూడండి. ఉపవాసపు పళ్లెం నూనెతోనే చేస్తారా, నెయ్యి తగలదు కదా అని అడిగితే వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. తీరిగ్గా వెళ్లండి, ముప్పావు గంట పట్టొచ్చు. నాన్నగారు మాంసం తినేవారైతే ఆయనకి వేరే పళ్లెంలో తెమ్మనండి, లేకపోతే రెండూ ఒకే ఇంజెరా మీద వడ్డించేస్తారు, అమ్మగారు ఆ పూట పస్తే.